చదును నేల మీద పరిగెత్తేవాళ్ళకి బరువులు: ఎంత, ఎప్పుడు, ఎలా

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు ఏ మోటారూ లేకుండా సముద్రం అంచు దాకా వెళ్ళాయి. ఈ గోదావరి డెల్టా నేల తీరు అలాంటిది. నీళ్ళు పారడానికి చాలినంత వాలుంది, కాలికి తెలిసేంత వాలు లేదు. అమలాపురం నుంచి ముమ్మిడివరం రోడ్డు పట్టుకున్నా, పాలకొల్లు నుంచి నరసాపురం వైపు వెళ్ళినా, భీమవరం చుట్టూ చెరువుల మధ్య తిరిగినా, పది కిలోమీటర్లలో వేసే తొమ్మిది పదివేల అడుగులూ ఒకటే అడుగు. విశాఖలో పరిగెత్తేవాళ్ళకి నాలుగు సందులు తిరిగితే ఎక్కడో ఎత్తు తగులుతుంది, తొడకీ పిరుదుకీ అక్కడ రోడ్డే పని చెబుతుంది. ఇక్కడ చెప్పదు. అందుకే డెల్టాలో దమ్ము బాగానే ఉండి, పదిహేనో కిలోమీటరు దాటాక నడుం కుంగిపోయి కాళ్ళీడ్చుకుంటూ వచ్చే రన్నర్లు కనిపిస్తారు. ఆయాసం లేదు, మాట స్పష్టంగానే వస్తోంది, కాలే చాలించుకుంది.

ఈ లోటు బరువులు తీరుస్తాయి. కానీ మన జిమ్ముల్లో రన్నర్ల చేత మామూలుగా చేయించే తరహా బరువులు తీర్చవు.

మామూలుగా జరిగేదేమిటంటే, పరుగు అయ్యాక జిమ్ముకెళ్ళి ఐదు కిలోలో పది కిలోలో డంబెల్స్ పట్టుకుని ఇరవయ్యేసి ముప్ఫయ్యేసి చొప్పున, మధ్యలో అరనిమిషం ఆగి, చెమటలు కారేదాకా చేయడం. 'రన్నర్‌కి కావాల్సింది ఓర్పు కదా, అందుకే తక్కువ బరువు ఎక్కువసార్లు' అంటాడు ట్రైనరు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ ఓర్పు పని పొద్దున్నే వేల అడుగుల లెక్కన జరిగిపోయింది. దానికి ముప్ఫై స్క్వాట్లు (గుంజీల్లా దిగి లేవడం) కలిపేది అలసట ఒక్కటే. జిమ్ములో వెతుక్కోవాల్సింది పరుగులో దొరకని దాన్ని: కండరంలోని పోగులన్నిటినీ ఒక్కసారిగా పనిలోకి దింపే బరువుని. ఆరేడుసార్లు మించి ఎత్తలేని బరువైతేనే ఆ పని బాగా జరుగుతుంది.

పరుగూ బరువులూ కలిపి చేస్తే ఒకదాన్నొకటి చెడగొడతాయన్న భయం పాతదే. దానికి ఆధారం కూడా ఉంది. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు కొందరి చేత వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు ఓర్పు వ్యాయామం కలిపి 10 వారాలు చేయించాడు. ఏడో వారం దాకా వాళ్ళ బలం బరువులు మాత్రమే చేసినవాళ్ళతో పాటే పెరిగింది, ఆ తర్వాత ఆగింది, చివరి రెండు వారాల్లో తగ్గింది. ఇంతవరకూ అందరూ చెబుతారు. చెప్పకుండా వదిలేసే సగం ఏమిటంటే, ఆ కలిపి చేసినవాళ్ళ ఆక్సిజన్ వాడే సామర్థ్యం ఓర్పు వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళతో సమానంగానే పెరిగింది. అంటే దెబ్బ తగిలింది బలానికి, పరుగుకి కాదు. అదీ వారానికి పదకొండు సెషన్లు చేస్తే. కండ కోసం చేసేవాడు పరుగుకి భయపడితే అర్థముంది. రన్నర్ బరువుకి భయపడాల్సిన పనిలేదు.

లాభం మాట. ఫిన్లాండ్‌లో పావొలైనెన్ బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో, శిక్షణ పొందిన రన్నర్లు తమ మొత్తం వ్యాయామ సమయంలో దాదాపు మూడోవంతుని గెంతులకీ, వేగంగా చేసే బరువులకీ, చిన్న స్ప్రింట్లకీ ఇచ్చారు. 9 వారాల తర్వాత 5 కి.మీ. టైము తగ్గింది, ఆక్సిజన్ సామర్థ్యం మాత్రం పెరగలేదు. పెరిగింది రన్నింగ్ ఎకానమీ, బండికి మైలేజీ లాంటిది: అదే వేగానికి తక్కువ ఆక్సిజన్ ఖర్చు. 2008లో నార్వేలో స్టోరెన్ బృందం ఇంకా సూటిగా చూసింది. వారానికి 3 సార్లు, 8 వారాలు, హాఫ్ స్క్వాట్ (సగం దాకా దిగి లేవడం) ఒక్కటే, 4 సెట్లు (విడతలు), సెట్టుకి 4 సార్లు, అంతకు మించి ఎత్తలేనంత బరువుతో. ఎకానమీ 5 శాతం మెరుగైంది, ఒంటి బరువు పెరగలేదు. 'బరువులెత్తితే ఒళ్ళొచ్చి పరుగు మందగిస్తుంది' అనేవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు. ఫిన్లాండ్ ప్రయోగంలో ఇంకో సంగతి గమనించండి: బలం పనిని పరుగు మీద అదనంగా వెయ్యలేదు, పరుగులో కొంత తీసేసి ఆ చోటులో పెట్టారు. మనవాళ్ళు తప్పేది సరిగ్గా ఇక్కడే. వారానికి 50 కి.మీ. పరుగు అలాగే ఉంచి, పైన మూడు జిమ్ సెషన్లు పెట్టి, మూడో వారానికి మోకాలు పట్టుకుంటారు.

వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. అంతకు మించి అక్కర్లేదు.

మొదటి సెషన్‌కి గుండెకాయ స్క్వాట్. కాళ్ళు భుజాల వెడల్పున, బార్ మెడ మీద కాకుండా మెడ కింద వీపు కండ మీద, తొడ నేలకి సమాంతరంగా వచ్చేదాకా లేదా దానికి కాస్త పైదాకా దిగడం. రన్నర్‌కి అంతకంటే లోతు అవసరం లేదు. ముందు ఖాళీ బార్‌తో 8, తర్వాత పని బరువులో సగంతో 5, ముప్పాతికతో 3, అప్పుడు అసలు సెట్లు: 3 నుంచి 4, ఒక్కోటి 5 సార్లు. బరువు ఎంత అన్నదానికి శాతాల లెక్క కంటే తేలికైన కొలత ఉంది. ఐదోది లేచాక 'ఇంకో రెండు చేయగలను, మూడోది అనుమానం' అనిపించాలి. నాలుగు చేయగలననిపిస్తే బరువు చాలలేదు, ఐదోదే వణుకుతూ లేస్తే ఎక్కువైంది. రెండు సెషన్లు వరసగా అన్ని సెట్లూ శుభ్రంగా వస్తే 2.5 కిలోలు కలపండి. 65 కిలోల మనిషి 30, 40 కిలోల దగ్గర మొదలుపెట్టి కొన్ని నెలల్లో తన ఒంటి బరువంత బార్‌తో ఐదుసార్లు లేవగలిగితే, హాఫ్ మారథాన్‌కి అది పుష్కలం. అక్కణ్ణించి బరువు పెంచుకుంటూ పోవడం సరదాయే, పరుగుకి కలిసొచ్చేది తక్కువ.

సెట్టుకీ సెట్టుకీ మధ్య మూడు నిమిషాలు కూర్చోవాలి. రన్నర్లకి అన్నిటికంటే కష్టమైన వ్యాయామం ఇదే. గుండె తేరుకుంది కదా అని నిమిషంలో లేస్తారు, కానీ తేరుకోవాల్సింది గుండె కాదు, నరాలూ కండలూ. ఆ మూడు నిమిషాలు ఫోన్ చూసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలిపోతున్నాయంటే పిరుదు పక్క కండ బలహీనమని గుర్తు. బరువు తగ్గించి, మోకాలు చిటికెనవేలి వైపు తోస్తున్నట్టు లేవాలి. మడమలు లేస్తున్నాయంటే చీలమండ బిగుసుకుంది. మడమల కింద రెండేసి సెంటీమీటర్ల పలక పెడితే అప్పటికి సర్దుకుంటుంది. మెత్తటి రన్నింగ్ షూతో స్క్వాట్ చేయొద్దు. ఆ నురుగు బరువు కింద నలిగి పాదం ఊగుతుంది. పలచటి అడుగున్న కాన్వాస్ షూ గానీ వట్టి కాళ్ళు గానీ మేలు.

స్క్వాట్ తర్వాత రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, 3 సెట్లు, ఆరేసి. మోకాలు కొద్దిగా మడిచి, పిరుదులు వెనక్కి తోస్తూ, బార్ తొడల్ని రాసుకుంటూ మోకాలి కింద దాకా. వీపు గుండ్రం అయ్యే చోటే దాని హద్దు, నేల కాదు. తొడ వెనక లాగినట్టు తెలియాలి. నడుము లాగితే తప్పు చేస్తున్నట్టే. మన సముద్రగాలికి జిమ్ముల్లో బార్లు తుప్పు పట్టి గరుకుగా ఉంటాయి, పైగా ఉక్కపోతకి అరచేతులు చెమటోడుతుంటాయి. చాక్ పొడి డబ్బా ఒకటి బ్యాగులో ఉంచుకోవడం సుఖం. లేదంటే కాళ్ళు అలిసేలోపే పట్టు జారిపోతుంది.

ఇక పిక్క. డెల్టా రన్నర్ అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది, అందరికంటే తక్కువ పట్టించుకునేది ఇదే. పరిగెత్తేటప్పుడు పిక్క లోపలి కండరం, సోలియస్, అడుగడుగునా ఒంటి బరువుకి ఆరేడు రెట్లు మోస్తుందని లెక్కలున్నాయి. చదును నేల మీద ఆ బరువు ప్రతిసారీ అదే కోణంలో పడుతుంది. నిలబడి మోకాలు చాపి చేసే కాఫ్ రైజ్ (మడమలు పైకెత్తి దించడం) పై కండకి వెళుతుంది. సోలియస్‌కి వెళ్ళాలంటే మోకాలు మడవాలి. అంచేత రెండూ కావాలి: ఒంటికాలి మీద నిలబడి మెట్టు అంచున 3 సెట్లు 8 చొప్పున చేతిలో డంబెల్‌తో, కూర్చుని మోకాళ్ళ మీద బరువుతో 3 సెట్లు 8 చొప్పున. కూర్చుని చేసేది నిజంగా బరువుగా ఉండాలి. కొన్ని నెలలకి రెండు మోకాళ్ళ మీదా కలిపి దాదాపు ఒంటి బరువంత పెట్టగలగడం మామూలే. పైకి ఒక సెకను, పైన ఒక సెకను, కిందికి మూడు సెకన్లు. గబగబా ఎగిరెగిరి చేస్తే మడమ నరం (పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్) స్ప్రింగులా పని చేసి కండకి పని తప్పిస్తుంది.

రెండో సెషన్‌లో ఒంటికాలి పని. వెనక కాలు బెంచీ మీద పెట్టి స్ప్లిట్ స్క్వాట్, కాలికి 6 చొప్పున 3 సెట్లు. పుల్ అప్స్ గానీ రోయింగ్ (ముందుకి వంగి బరువుని పొట్ట వైపు లాగడం) గానీ 3 సెట్లు. పక్క ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు నిటారుగా నిలపడం) అటు ఇటు 40 సెకన్లు, రెండేసి సార్లు. దీనికి ముందు, కాళ్ళు తాజాగా ఉండగా, గెంతులు: మోకాలు పెద్దగా మడవకుండా చీలమండతోనే టపటపా 20 గెంతులు, 3 సార్లు. మోకాలెత్తు పెట్టె మీదికి 5 గెంతులు, 4 సార్లు, దిగేటప్పుడు దూకకుండా నడిచి దిగాలి. గెంతులు అలసట కోసం కాదు. చప్పుడు పెరిగిందంటే, నేల మీద కాలు నిలిచే సమయం సాగిందంటే, అక్కడితో ఆపెయ్యాలి. కనీసం నెలా నెలన్నర బరువులు చేశాకే ఇవి మొదలుపెట్టాలి.

జిమ్ము లేని ఊళ్ళో ఇది కుదరదా అంటే కుదురుతుంది, కాస్త ఓపిక కావాలి. యూరియా సంచిలో పొడి ఇసుక పోసి మూతి కట్టి, దాన్ని గోనెసంచిలో దింపండి. ప్లాస్టిక్ సంచి ఒక్కటే అయితే చెమట చేతుల్లోంచి జారుతుంది. పొడి ఇసుక లీటరుకి సుమారు 1.6 కిలోలు తూగుతుంది, వర్షాకాలంలో తేమ పీల్చి ఇంకా పెరుగుతుంది, కాబట్టి రైసు మిల్లు దగ్గరో కొట్టు దగ్గరో కాటా మీద తూచుకోండి. గుండెలకి హత్తుకుని స్క్వాట్ చేస్తే 40 కిలోలు దాటాక కాళ్ళకంటే ముందు చేతులు చాలిస్తాయి. అప్పుడు బస్తా బరువు పెంచే బదులు ఒంటికాలికి మారాలి. వెనక కాలు అరుగు మీద పెట్టి, భుజాన 25 కిలోల బస్తాతో స్ప్లిట్ స్క్వాట్ చేస్తే ఎంతటి రన్నర్‌కైనా ఆరోది దాటేసరికి చుక్కలు కనిపిస్తాయి. కూర్చుని చేసే పిక్క పనికి మోకాళ్ళ మీద తువ్వాలు మడతపెట్టి, పైన బస్తా. 75 కిలోల ధాన్యం బస్తా జోలికి మాత్రం వెళ్ళొద్దు. దాన్ని అవలీలగా ఎత్తే కూలీలు ఏళ్ళ తరబడి నేర్చిన ఒడుపు అది.

ఏటిగట్టు పక్కనున్న ఊళ్ళవాళ్ళకి ఇంకో ఆస్తి ఉంది: గట్టెక్కే ర్యాంపులు. పొడవు తక్కువే, కానీ వాలు నిటారు. వారానికోసారి, తేలిక పరుగు చివర, 8 నుంచి 10 సెకన్లు పూర్తి జోరుతో పైకి, మెల్లగా నడుస్తూ కిందికి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ. నాలుగుతో మొదలుపెట్టి ఎనిమిది దాకా. చదును నేల మీద స్ప్రింట్ చేస్తే తొడ వెనక కండ పట్టేసే ప్రమాదం ఎక్కువ, ఎత్తులో తక్కువ. దిండి–చించినాడ వంతెనో యానాం–ఎదుర్లంక వంతెనో దగ్గరుంటే వాటి మొదట్లో వచ్చే ఎత్తు కాస్త పొడవాటి పరుగులకి పనికొస్తుంది. అయితే తెల్లారకముందే అక్కడ లారీలు నడుస్తుంటాయి, ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడి అంచున ఉండాలి. ఓడలరేవు, అంతర్వేది వైపు ఇసుకలో పరిగెత్తేవాళ్ళకి ఓ మాట. మెత్తటి ఇసుక పిక్కకి జిమ్ సెషన్‌తో సమానం, ఆ వారం కాఫ్ రైజ్‌లు సగానికి తగ్గించండి. నీటి అంచున గట్టి ఇసుక బాగుంటుంది గానీ ఒకవైపు వాలి ఉంటుంది. వెళ్ళినంత దూరం అదే దారిన వెనక్కి రాకపోతే ఒక తుంటి నొప్పెడుతుంది.

వారం అమరిక గురించి జనం వ్యాయామాల కంటే తక్కువ ఆలోచిస్తారు, నిజానికి సగం పని దానిదే. వారానికి 40 కి.మీ. పరిగెత్తే మనిషికి ఇలా:

సోమవారం విశ్రాంతి.
మంగళవారం పొద్దున వేగం పని, 800 మీటర్లు 5 లేక 6 సార్లు, ముందూ వెనకా కలిపి 9 కి.మీ. సాయంత్రం మొదటి సెషన్.
బుధవారం తేలికగా 6 కి.మీ., మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో.
గురువారం తేలికగా 4 కి.మీ., లేదా ఏమీ వద్దు.
శుక్రవారం పొద్దున 20 నిమిషాలు టెంపో (కష్టంగా ఉన్నా నిలబెట్టుకోగల వేగం), మొత్తం 7 కి.మీ. సాయంత్రం రెండో సెషన్, కాళ్ళ పని ఒక సెట్టు తగ్గించి.
శనివారం విశ్రాంతి.
ఆదివారం 14 నుంచి 16 కి.మీ. నెమ్మదిగా.

కష్టమైన పరుగు, బరువులు ఒకే రోజున పెట్టడం చూసి చాలామంది ఉలిక్కిపడతారు. కారణముంది. బరువుల తర్వాత కండ నొప్పి రెండో రోజుకి ముదురుతుంది. తేలిక రోజున బరువులు పెడితే ఆ తేలిక రోజు పోతుంది, మర్నాటి వేగం పని కూడా పోతుంది, వారమంతా ఓ మోస్తరు అలసటతో గడుస్తుంది. కష్టాలన్నీ ఒకచోట కుప్పేస్తే మిగతా రోజులు నిజంగా తేలిక అవుతాయి. పొద్దుటి పరుగుకీ సాయంత్రం బరువులకీ మధ్య ఆరు గంటలైనా ఉండాలి, మధ్యలో కడుపు నిండా అన్నం పడాలి. రెండూ ఒకే పూట తప్పనిసరైతే, పరుగు మీకు ముఖ్యం కాబట్టి పరుగు ముందు. బరువులెత్తాక కాలు బరువెక్కి అడుగు తీరు మారిపోతుంది, గాయాలు ఆ తప్పు అడుగులోనే పుడతాయి.

పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి కాలేజీ గ్రౌండుల్లో తెల్లవారకముందే చేరే కుర్రాళ్ళకి ఇదంతా ఇంకా సూటిగా వర్తిస్తుంది. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కి.మీ. 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు. 10 పుల్ అప్స్‌కి 40. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్‌కి మగవాళ్ళకి 1600 మీటర్లు 8 నిమిషాలు, కేంద్ర బలగాల జి.డి. (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్‌కి 5 కి.మీ. 24 నిమిషాలు. కొలతలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, మీ నోటిఫికేషనే ప్రమాణం. 5:30 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద చుట్టుకి 82.5 సెకన్లు. ఇది దమ్ముతో పాటు కాలి బలం అడిగే వేగం. రోజూ ఉదయం 1600 పూర్తి జోరుగా పరిగెత్తి టైము చూసుకోవడం మనవాళ్ళ అలవాటు, దానివల్ల మొదటి నెల తగ్గిన టైము ఆ తర్వాత ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. పది రోజులకోసారి టైము చూసుకుంటే చాలు, మిగతా వేగం పని 82 సెకన్లలో 400లు, మధ్యలో 2 నిమిషాలు. పుల్ అప్స్‌కి వేరే కిటుకు: మీ గరిష్ఠం 6 అయితే, రోజులో ఐదుసార్లు మూడేసి, వారానికి ఐదు రోజులు. ఎప్పుడూ చేతులు చాలించే దాకా వెళ్ళొద్దు. ర్యాలీలో పరుగు అయ్యాకే పుల్ అప్స్ కాబట్టి వారానికోసారి 1600 పరిగెత్తిన పది నిమిషాలకి గరిష్ఠం చేసి చూడండి, తాజాగా చేసేదానికంటే ఒకటి రెండు తగ్గుతాయి. ఆ తేడా లెక్కలో పెట్టుకుని 12 దాకా సాధన చేయాలి.

వీళ్ళకే ఇంకో హెచ్చరిక. పందేనికో సీనియర్ మాటకో మొదటి రోజే 400, 500 గుంజీలు, బస్కీలు తీయడం వల్ల కండ కరిగి రక్తంలో కలిసి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది, ఎండలో ఇంకా ఎక్కువ. మర్నాడో ఆ మర్నాడో తొడలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే, నీళ్ళు తాగి చూద్దాం అనుకోకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి తగ్గడానికని డైక్లోఫెనాక్ వేసుకుని మళ్ళీ ఎండలో పరిగెత్తడం కిడ్నీలకి మరో దెబ్బ.

తిండి విషయంలో డెల్టావాళ్ళకి పిండిపదార్థం నేర్పక్కర్లేదు, తగ్గేది మాంసకృత్తులు. రెండూ చేసేవాళ్ళకి కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాములు కావాలి, 65 కిలోలకి సుమారు 104. పొడులు లేకుండానే ఇది కూడుతుంది: మూడు గుడ్లు 18, నూట యాభై గ్రాముల చేప 30, యాభై గ్రాముల పెసలతో పెసరట్లు 12, ముప్ఫై గ్రాముల కందిపప్పు 6, అరలీటరు పాలూ పెరుగూ 16, గుప్పెడు వేరుశనగ గుళ్ళు 7, మూడు వందల గ్రాముల బియ్యం 20. చేప తినని ఇంట్లో 50 గ్రాముల సోయా ముక్కలు దాదాపు ఆ లోటు పూడుస్తాయి. సాయంత్రం బరువులకి గంటన్నర ముందు రెండు అరటిపళ్ళు, గ్లాసు మజ్జిగ. జిమ్ అయ్యాక సెంటర్లో పునుగులు తినడం నేరమేమీ కాదు, దాన్ని రాత్రి భోజనంగా లెక్కేసుకోవడం తప్పు. బరువు తగ్గాలని తిండి కోస్తూ ఈ రెండు పనులూ చేస్తే ముందు నిద్ర చెడుతుంది, తర్వాత ఎముకలో సన్నటి పగుళ్ళ దాకా వెళుతుంది. ఆడవాళ్ళలో నెలసరి తప్పడం మొదలైతే దాన్ని శిక్షణ ఫలితంగా సర్దిచెప్పుకోవద్దు. తిండి చాలట్లేదని ఒళ్ళు చెబుతోంది, డాక్టరుని కలవాలి.

నీళ్ళ లెక్కకి కాటా చాలు. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ దాదాపు లీటరున్నర నీరు రాబోయే నాలుగైదు గంటల్లో మెల్లగా తాగాలి. మన గాలిలో తేమకి చెమట ఆరదు, కారిపోతుంది, ఒళ్ళు చల్లబడదు, అందుకని గడియారంలో వేగం చూడకుండా ఆయాసం చూసి పరిగెత్తాలి. కొబ్బరినీళ్ళు చేతికందేచోటే ఉంటాయి కాబట్టి అందరూ వాటి మీదే ఆధారపడతారు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండాంలో రెండు చిటికెల ఉప్పు కలుపుకోండి, లేదా ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. పొద్దున పోయిన నీరు పూడకుండా సాయంత్రం స్క్వాట్‌కి వెళితే పిక్కలు పట్టేస్తాయి, బరువు కూడా లేవదు, తప్పు ప్రోగ్రాం మీద వేస్తారు.

మడమ నరం దగ్గర పొద్దున మొదటి నాలుగడుగులు బిగుసుకున్నట్టుండి తర్వాత సర్దుకుంటే, బరువులు ఆపొద్దు, గెంతులూ ర్యాంపులూ ఆపండి. 1998లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే స్వీడిష్ వైద్యుడు ప్రచురించిన పద్ధతి ఇంటి మెట్టు మీదే చేసుకోవచ్చు: నొప్పి లేని కాలితో పైకి, నొప్పి ఉన్న కాలితో నెమ్మదిగా కిందికి, మోకాలు చాపి 15 చొప్పున 3 సెట్లు, మడిచి 15 చొప్పున 3 సెట్లు, రోజుకి రెండు పూటలా, 12 వారాలు. నొప్పి పదికి నాలుగైదు దాకా ఉంటే ఓర్చుకోవచ్చు, మర్నాటికి పెరిగిందంటే సగానికి తగ్గించాలి. కాలవగట్టు మీద ఎప్పుడూ ఒకే అంచున పరిగెత్తేవాళ్ళకి ఇది ఒక కాలికే రావడం చూస్తాం. ఆ దారి ఒకవైపు వాలి ఉండడమే కారణం.

సంవత్సరం మొత్తానికి లెక్క వేస్తే ఈ ప్రాంతపు వాతావరణమే టైంటేబుల్ ఇస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కాలవలు కట్టేసి, రోహిణి కార్తె ఎండలు కాసే రోజుల్లో, దూరాలు ఎలాగూ సాగవు. పరుగు వారానికి 20, 25 కి.మీ.కి దించి బరువులకి పెద్దపీట అప్పుడే. మొదటి నాలుగు వారాలు 10 సార్లు ఎత్తగల మోస్తరు బరువుతో 3 సెట్లు, అలవాటు కోసం. తర్వాత ఎనిమిది వారాలు పైన చెప్పిన ఐదుల పద్ధతి. జూలై, ఆగస్టుల్లో ఊడ్పుల టైముకి గట్లు బురదై జారతాయి. సిమెంటు రోడ్డు మీదికి మారాల్సి వస్తుంది, కాబట్టి పరుగు వారానికి 3 కి.మీ. మించకుండా పెంచండి. పరుగు పెంచే వారం బరువు పెంచొద్దు, బరువు పెంచే వారం పరుగు పెంచొద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టి నాలుగు రోజులు బయటికి వెళ్ళలేకపోతే, పోయిన పరుగు కోసం ఇంట్లో వందల గుంజీలు తీయకండి, మామూలు రెండు సెషన్లు చేసి ఊరుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రేసుల కాలంలో వారానికి ఒక్క సెషన్ సరిపోతుంది: స్క్వాట్ 2 సెట్లు నాలుగేసి అదే బరువుతో, పిక్కలు, కాసిని గెంతులు. తగ్గించాల్సింది సెట్లని, బరువుని కాదు. బరువు తగ్గించి సెట్లు అలాగే ఉంచితే రెండు నెలలకి సంపాదించిందంతా పోతుంది.

రేసుకి పది రోజుల ముందు చివరి బరువైన సెషన్. నాలుగైదు రోజుల ముందు ఒకసారి, అందులో ముప్పాతిక బరువుతో స్క్వాట్ 2 సెట్లు మూడేసి, అంతే, కాళ్ళు మొద్దుబారకుండా. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ ఆ వారం వద్దు, తొడ వెనక నొప్పి దానివల్లే ఎక్కువ నిలుస్తుంది. హాఫ్ మారథాన్ అయ్యాక ఐదు రోజులు కాళ్ళ బరువులు ముట్టుకోకండి. మెట్లు దిగుతుంటే తొడ ముందు భాగం నొప్పెట్టడం పూర్తిగా పోయాక, పాత బరువులో 70 శాతంతో, రెండు సెట్లతో మళ్ళీ మొదలు.